డీజిల్ వాసన పట్టిన రేకు పెట్టె

పెట్టె మూత తీయగానే ముందు వాసన వచ్చింది. డీజిల్‌లో నానిన కార్కు, దాని వెనక ఎండిపోయిన గ్రీసు, ఆ వెనక పాత గేరాయిల్‌లో ఉండే గంధకపు ఘాటు. ఇంజన్ చప్పుడు లేకుండానే పాత షెడ్డు మొత్తం కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

పెట్టె పెద్దాయనది. ఆయన పోయిన కొన్నాళ్లకి, "ఇది మీ దగ్గరుంటేనే పనికొస్తుంది" అని వాళ్లింటివాళ్లు పంపించారు. పాత మెస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్‌ను ఇంకా నడుపుకుంటున్న మాలాంటి వాళ్లలో ఆయన అవసరం పడనివాళ్లు లేరు. పెట్టెలో మంచి పార్టు ఒక్కటి కూడా లేదు. అన్నీ చెడిపోయినవే. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి, అది ఎందుకు చెడిందో పెన్సిల్‌తో రెండు మూడు ముక్కల్లో రాసిపెట్టుకున్నారు. "మంచి పార్టు డబ్బులిస్తే దొరుకుతుంది. చెడింది ఎలా చెడిందో చెప్పేవాడు దొరకడు" అనేవారు.

ఆ చీటీలు ఒక్కోటి విప్పుతుంటే గుర్తొచ్చినవే ఇవన్నీ.

*

ముందు ఆ బండి గొంతు గురించి చెప్పాలి.

ఈ 35 మొదట 1956లో ఫెర్గూసన్ పేరుతో బూడిద, బంగారు రంగుల్లో వచ్చింది. ఎరుపు రంగు ఆ తర్వాతిది. మొదట్లో ఇచ్చిన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌కి చలిలో ఏడిపిస్తుందని పేరు. 1959లో దాని స్థానంలో పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్, ఏ3.152, వచ్చాక బండి జాతకమే మారిపోయింది. 152 అంటే ఘనపు అంగుళాలు, మన లెక్కలో రెండున్నర లీటర్లు. ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లు మండే వరస, 1-2-3. నాలుగు సిలిండర్ల బండి ఐడిలింగ్‌లో గీత గీసినట్టు సాగిపోతుంది. మూడు సిలిండర్లది దరువు. ఆ దరువులో ఒక్క దెబ్బ తగ్గినా, దూరంగా పొలంలో ఉన్న మనిషి కూడా తల తిప్పి చూసేవాడు.

తెల్లవారుజామున స్టార్ట్ చేయడం ఒక పద్ధతిగా జరిగేది. ముందు ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూడటం. తర్వాత రేడియేటర్ మూత. తర్వాత డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న గాజు గిన్నెలో నీళ్లు దిగాయేమో చూడటం. నీళ్లుంటే అడుగున ముత్యాల్లా విడిగా కదులుతుంటాయి. అప్పుడు క్లచ్ తొక్కి, మీట హీట్ దగ్గర పెట్టి పదిహేను, ఇరవై అంకెలు లెక్కపెట్టడం. ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టం, ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో ఉన్న థర్మోస్టార్ట్ కాయిల్ ఎర్రబడి, దాని పక్క చిన్న డబ్బాలోంచి డీజిల్ చుక్కలుగా దిగి అంటుకునేది. అంటుకుందని తెలియడానికి చూడక్కర్లేదు, "బుఫ్" మని చిన్న చప్పుడొస్తుంది. అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

ఆ లెక్కపెట్టే ఓపిక లేక ఈథర్ స్ప్రే కొట్టినవాళ్లున్నారు. పెట్టెలో ముక్కలైన పిస్టన్ రింగు ఒకటి ఉంది. చీటీలో: "కాయిల్ వేడిగా ఉండగా ఈథర్ కొట్టారు. మానిఫోల్డ్‌లోనే పేలింది. థర్మోస్టార్ట్ ఉన్న బండికి ఈథర్ చూపించకూడదు."

సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పడుకోవడం ఇంకో అలవాటు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి గాలి చల్లబడి లోపలి గోడలకి చెమ్మ పడుతుంది, ఆ నీళ్లే పొద్దున గాజు గిన్నెలోకి వస్తాయి. ఇప్పుడు కొత్త బండ్లు నడిపేవాళ్లలో ఈ అలవాటు చాలావరకు పోయింది. పాత డీజిల్ పంపుకి మాత్రం ఇది మందులాంటిది. దాని లోపలి భాగాలకి డీజిలే ఆయిలు. నీళ్లొచ్చాయంటే తుప్పు, తుప్పొచ్చిందంటే పంపు బెంచి మీదకి వెళ్లాల్సిందే.

*

రెండో చీటీలో రెండు రాగి వాషర్లు, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "పాతది లోపలే ఉండిపోయింది. మీద కొత్తది వేశారు" అని రాసుంది.

ఇది చిన్న తప్పులా కనిపిస్తుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తీసినప్పుడు దాని కింద ఉండే రాగి వాషర్ ఒక్కోసారి నాజిల్‌తో రాదు, హెడ్డులో గూటి అడుగునే మసిలో కరుచుకుని ఉంటుంది. మసి నల్లగా, వాషర్ నల్లగా, కంటికి తేడా తెలియదు. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ ఒక వాషర్ మందం పైకి లేస్తుంది. స్ప్రే పడాల్సిన చోట పడదు, బండి తెల్లపొగ వేస్తుంది, నాజిల్ చుట్టూ "చఫ్ చఫ్" మని గ్యాస్ లీకవుతుంది. ఆ లీకుతో గూడు కాలిపోతే ఇక హెడ్డు దింపాలి.

అందుకే ఆయన దగ్గర కొస వంచిన సన్నటి ఇనుప తీగ ఎప్పుడూ ఉండేది. టార్చి వేసి లోపలికి చూడటం, తీగతో గీరి వాషర్ తీయడం, గూడు శుభ్రంగా తుడవడం, మూడు నాజిళ్లకి మూడు పాత వాషర్లు బల్ల మీద కనిపించాకే కొత్తవి ముట్టుకోవడం. కొత్తవి దొరకని రోజుల్లో పాత రాగి వాషర్‌నే మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో పడేసేవారు. రాగి ఇనుములా కాదు, కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. తర్వాత సన్నటి ఎమరీ కాగితం గాజు పలక మీద పరిచి, దాని మీద రెండు వైపులా గుండ్రంగా రుద్దితే మళ్లీ పనికొచ్చేది. నాజిల్ నట్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే నాజిల్ వంకరగా కూర్చుని ఆ వాషర్ ఎంత కొత్తదైనా లీకవుతుంది.

*

ఎయిర్ తీయడం అంటే డీజిల్ పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడం. అప్పట్లో ట్యాంకు ఖాళీ అయినా, ఫిల్టర్ మార్చినా, ఎక్కడో ఒక పైపు నట్టు వదులైనా ఎయిర్ పట్టేది. సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజన్ తిరుగుతుంది గాని పొగ రాదు. పొగ రాలేదంటే డీజిల్ నాజిల్ దాకా పోవడం లేదన్నమాట. అప్పుడు ఇంకా సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే బ్యాటరీ పోతుంది, అంతే.

పని వరసగా జరగాలి, ట్యాంకు వైపు నుంచి నాజిల్ వైపుకి. ట్యాంకు కుళాయి తిప్పాలి. ఫిల్టర్ పైనున్న స్క్రూ ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు కిందున్న చేతి మీటని కొట్టాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, తర్వాత ఎడతెగని ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. ఆపాక బిగిస్తే మళ్లీ గాలి లాగుతుంది. తర్వాత డీజిల్ పంపు పక్కనున్న స్క్రూ, ఆ తర్వాత పైన గవర్నర్ మూత దగ్గరిది. చివరికి నాజిళ్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి, యాక్సిలరేటర్ ఫుల్లు పెట్టి, స్టాప్ నాబ్ లోపలికి ఉందని చూసుకుని సెల్ఫ్ కొడితే, నట్ల కింద నుంచి డీజిల్ చిమ్ముతుంది. చిమ్మగానే బిగించడం.

ఈ వరసలో కొత్తవాళ్లని ఎక్కువ హడలగొట్టేది ఫీడ్ పంపు మీట. కొడితే చేతికి బరువే తగలదు, ఊరికే ఊగుతుంది. పంపు పోయిందనుకుని విప్పేసినవాళ్లు ఎంతమందో. పంపు బాగానే ఉంటుంది. ఇంజన్ ఆగినప్పుడు ఆ పంపుని కదిలించే క్యామ్ ఎత్తు సరిగ్గా ఆ పంపు చేతిని నొక్కి పట్టి ఆగింది, ఇక చేతి మీటకి కదలడానికి చోటు లేదు. ఇంజన్‌ని ఒక చుట్టు తిప్పితే చాలు, మీట బరువు పట్టుకుంటుంది. ఈ ఒక్క మాట ఎన్ని షెడ్లలో ఎన్ని గంటల పని మిగిల్చిందో లెక్కే లేదు.

చిమ్మిన డీజిల్‌కి వేలు అడ్డం పెట్టకూడదని కూడా ఆయన ప్రతిసారీ చెప్పేవారు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, లోపల చెయ్యి కుళ్లుతుంది. అలా జరిగితే పొద్దునదాకా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

*

ఫోను వచ్చాక సాయం అడిగే తీరు మారింది. అంతకుముందు ఉత్తరాలు. ఉత్తరంలో గీసిన బొమ్మలు, పార్టుల పుస్తకం నుంచి తీసిన జిరాక్సు కాగితాలు, వాటి మీద నూనె వేలిముద్రలు. ఫోనులో అయితే, "అబ్బాయ్, మాటలొద్దు, ఫోను హెడ్డు దగ్గర పెట్టు" అనేవారు పెద్దాయన. ఒక నిమిషం విని, "ఇప్పుడు రెండో నాజిల్ పైపు వదులు చెయ్యి" అనేవారు. చప్పుడు మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. మారకపోతే తప్పు అక్కడే. అంత దూరం నుంచి ఒక నట్టు వదులు చేయించి రోగం ఎక్కడుందో పట్టుకోవడం చూసినవాళ్లకి, అది మరిచిపోయేది కాదు.

ట్యాపెట్ చప్పుడుకి, అంటే వాల్వుల్ని తెరిచే భాగాల మధ్య గ్యాప్ వల్ల వచ్చే టకటకకి, చాలామంది భయపడేవారు. ఆయన చెప్పేది వేరు: "టకటకమనే ట్యాపెట్ పర్వాలేదు. అసలు వినపడని ట్యాపెట్‌కి భయపడు." గ్యాప్ ఎక్కువైతే చప్పుడు చేస్తుంది, కాస్త పవర్ తగ్గుతుంది. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సీటుకి ఆని చల్లబడే అవకాశం ఉండదు, చప్పుడు లేకుండా కాలిపోతుంది. ఈ ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు 0.30 మిల్లీమీటర్లు, వేడి మీద 0.25. ఏ సిలిండర్‌ది సెట్ చేస్తున్నామో దాని పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి. ఫీలర్ గేజ్ రేకు లాగితే వెన్నలోంచి కత్తి వచ్చినట్టు కొంచెం పట్టుకుంటూ రావాలి. లాక్ నట్ బిగించాక మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే బిగించేటప్పుడే అది మారుతుంది.

మరలు తెగిన బోల్టు ఒకటి కూడా ఉంది పెట్టెలో. ఈ బండి అంగుళాల బండి. 5/16 బోల్టు ఊడిపోతే, చూడటానికి అంతే ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టు చేతికి దొరుకుతుంది. రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటుంది. పానాతో బలంగా తిప్పితే బోల్టుతో పాటు గూట్లో మరలూ పోతాయి. చేత్తో చివరిదాకా తిరగని బోల్టు ఆ గూటిది కాదు.

*

సందులో దిగ్గొట్టే కట్టె ఆప్పులు రెండు. నూనె తాగి నల్లబడిన గట్టి కర్రవి. ఇవి మాత్రం చెడిపోయినవి కావు. వీటితో పాటు చుట్టి ఉన్న క్లచ్ ప్లేటు చెడింది.

క్లచ్ పని అంటే ఈ బండిని నడుముకి రెండు ముక్కలు చేయాలి. ఛాసిస్ అంటూ విడిగా ఏమీ ఉండదు, ఇంజనే ముందు సగం, గేర్‌బాక్సే వెనక సగం. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే క్లచ్ పోయిందంటే కబురు వెళ్లేది, మనుషులు వచ్చేవారు. ఒకరు జాకీ, ఒకరు ట్రాలీ, ఒకరు ఊరికే పట్టుకోవడానికి తమ భుజాలు తెచ్చేవారు.

ముందు బ్యాటరీ తీగలు, డీజిల్ కుళాయి, బానెట్, వైర్లు, యాక్సిలరేటర్ రాడ్డు, స్టీరింగ్ డ్రాగ్ లింకులు రెండు వైపులా, ముందు యాక్సిల్ నుంచి వెనక్కి వచ్చే రాడ్లు. తర్వాత ఆప్పులు. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. బండి కలిసున్నంత వరకు వెనక చక్రాలు పట్టుకుంటాయి, విడదీయగానే ఇంజన్ ఏదో ఒక పక్కకి ఒరుగుతుంది. యాక్సిల్‌కీ దాని పైనున్న బ్రాకెట్‌కీ మధ్య రెండు వైపులా ఈ ఆప్పులు దిగ్గొడితేనే ఒరగకుండా నిలబడుతుంది. వెనక సగం కింద కదలని దిమ్మలు, వెనక చక్రాలకి అడ్డం రాళ్లు. ముందు సగాన్ని దాని చక్రాల మీదే ముందుకి దొర్లించాలి.

విడదీయడం సులువు. కలపడంలోనే అసలు పని. ఆయన రెండు పొడుగు స్టడ్లు చేయించుకున్నారు, తల లేని బోల్టుల్లాంటివి. వాటిని చెరో పక్క గూట్లో బిగిస్తే రెండు సగాలూ వాటి వెంట జారుకుంటూ దగ్గరికొస్తాయి. చివరి అంగుళంన్నర దగ్గర ఆగుతుంది. ఆగిందంటే షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటు పళ్లలోకి దిగలేదని. అప్పుడు గేరు వేసి వెనక చక్రాన్ని కొంచెం కదపాలి, రెండు ప్లేట్ల క్లచ్ అయితే వెనక పనిముట్లని తిప్పే పీటీఓ షాఫ్టుని కూడా చేత్తో తిప్పాలి. దిగగానే "టక్" మని మొత్తం బండి దానంతటదే ముందుకి కూర్చుంటుంది. ఆ చప్పుడు కోసం అందరూ మాట్లాడటం ఆపేసేవారు.

ఆ ప్లేటు మీది చీటీ: "దిగలేదు. బోల్టులతో లాగారు. హబ్ వంగింది." అలా వంగిన ప్లేటు ఎప్పటికీ పూర్తిగా విడిపోదు. క్లచ్ ఎంత తొక్కినా గేరు గర్రుమంటూనే పడుతుంది. మళ్లీ మొత్తం బండి రెండు ముక్కలు.

విప్పాక చూసుకోవాల్సినవి కూడా ఆయన ఒక కాగితం మీద రాసి షెడ్డు తలుపుకి అంటించేవారు: రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న బేరింగ్, క్రాంకు వెనక ఆయిల్ సీల్. ఇంత దూరం వచ్చి వాటిని పాతవే వదిలేస్తే కొన్ని నెలలకే మళ్లీ ఇదే పని.

*

కాలిపోయిన కటౌట్ ఒకటి, డైనమోని బ్యాటరీకి కలిపి విడదీసే స్విచ్చి. దీని కథ చిన్నదే. అప్పటి బండ్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఉండేది. ఈ సంగతి తెలియక కొత్త బ్యాటరీ తిప్పి కడితే డైనమో ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు అయి కటౌట్ మాడుతుంది. నెగటివ్ ఎర్త్‌కి, అంటే నెగటివ్ బాడీకి ఉండేలా, మార్చాలనుకుంటే డైనమోకి కూడా చెప్పాలి: ఎఫ్ టెర్మినల్ తీగ ఊడదీసి, బ్యాటరీ లైవ్ నుంచి వేరే తీగ తెచ్చి ఆ టెర్మినల్‌కి రెండు మూడుసార్లు క్షణం సేపు తాకించాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది. అంతే, డైనమో లోపలి అయస్కాంతం దిశ మారిపోతుంది. ఆమ్‌మీటర్ వెనక తీగలు రెండూ అటూ ఇటూ మార్చుకోవాలి, లేకపోతే ముల్లు ఉల్టా చూపిస్తుంది.

*

పెట్టె అడుగున, పల్చటి కాగితంలో, ఫీడ్ పంపు డయాఫ్రం, డీజిల్‌ని లాగే పల్చటి పొర. నడిమధ్య, కడ్డీ చుట్టూ గోటి గీతంత చిరుగు. చీటీలో ఒకే మాట: "వాసన చూడు."

దీని అర్థం తెలిసినవాళ్లకి తెలుసు. డయాఫ్రం చిరిగితే బండి ఆగదు. బాగానే నడుస్తుంది. డీజిల్ మాత్రం ఆ చిరుగులోంచి పంపు చేతి వెంట ఇంజన్‌లోకి దిగుతుంది. బయట చుక్క లీకు కనిపించదు. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పెరిగింది కదా అని సంతోషపడేవాళ్లున్నారు. పల్చబడిన ఆ ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

మొన్న పొద్దున మా బండి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ ఫుల్ గీతకి అరంగుళం పైన ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్.

పంపు దింపి, రెండు ముక్కల మీద కలిసేలా ఆకురాయితో అడ్డంగా ఒక గీత గీశాం, మళ్లీ అదే కోణంలో కూర్చోవడానికి. స్క్రూలు వదులు చేసి పై మూత తీశాం. పాత డయాఫ్రం నొక్కి పావు చుట్టు తిప్పితే కడ్డీ కింద కొక్కెం నుంచి వదిలింది. కొత్తది అలాగే నొక్కి, తిప్పి తగిలించాం. పై మూత పెట్టి స్క్రూలు వేళ్లతోనే తిప్పి ఆపాం. ఆ తర్వాత పంపు చేతిని పూర్తిగా నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే ఉండి, ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాం. చేతిని వదిలేసి బిగిస్తే డయాఫ్రం బిర్రుగా సాగి కూర్చుంటుంది, మొదటి నెలలోనే మళ్లీ చిరుగుతుంది. తర్వాత ఆయిల్ మొత్తం తీసి, ఆయిల్ ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, ఎయిర్ తీశాం. మీట మొదట బరువు పట్టలేదు. ఇంజన్ ఒక చుట్టు తిప్పాం, పట్టుకుంది.

మూడో దెబ్బకి అందుకుంది. దరువు సరిగానే ఉంది.

పాత డయాఫ్రం తుడిచి, కాగితంలో చుట్టి, పెన్సిల్‌తో రాశాం: "చిరుగు అంచు దగ్గర, స్క్రూ గూటి పక్కన. పోయినసారి చేతిని నొక్కి పట్టకుండా బిగించి ఉంటారు. డిప్‌స్టిక్ మీద అరంగుళం పెరిగింది." ఆయన దాచినదాని పక్కనే పెట్టి మూత వేశాం.